హాలీవుడ్ సంస్థ ఎంజీఎం సినిమాల మొదట్లో గర్జించే సింహం ఎప్పుడూ ఒకటేనా?

కాదు, 1924 నుంచి ఆ లోగోలో చాలా సింహాలు మారాయి. అన్నిటినీ కలిపి జనం 'లియో' అనేస్తారు.

మారడానికి ఒక ముఖ్య కారణం సినిమా సాంకేతికత మారడం. మొదటి సింహం స్లాట్స్ మూకీల కాలం నాటిది. గర్జించదు, అటూ ఇటూ చూస్తుందంతే. 1928లో శబ్దం రాగానే జాకీ వచ్చింది, దాని గర్జన థియేటర్లో వినిపించింది. టెక్నికలర్ అనే పద్ధతిలో తీసిన రంగుల సినిమాలకు టానర్ అనే మరో సింహాన్ని తీశారు. నిజంగా లియో అనే పేరున్నది 1957లో వచ్చి, అరవై ఏళ్లకు పైగా నిలిచింది. 2021 నుంచి కనిపిస్తున్నది కంప్యూటర్లో చేసిన బొమ్మ.

సినిమాను బట్టి కూడా లోగో మారేది. ఉదాహరణకు, 1968 నాటి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో గర్జనా లేదు, కదలికా లేదు; సింహం తల గీతల బొమ్మగా నిలబడి ఉంటుంది.

సింహాన్ని బల్లకి కట్టేసి లోగో తీశారంటూ ఒక ఫొటో తిరుగుతుంటుంది. అది అబద్ధం. సీటీ స్కాన్ కోసం పడుకోబెట్టిన జబ్బు సింహం ఫొటోకి ఎవరో లోగో అతికించారు. అన్నట్టు, 1980ల నుంచి మనం విన్న గర్జనలో పులి అరుపులు కూడా కలిశాయి!