హ్యారియెట్ జేకబ్స్ జీవితం కల్పన కాదని ఎలా నిర్ధారించారు?

బానిసత్వం నుంచి తప్పించుకున్న హ్యారియెట్ జేకబ్స్ 1861లో వెలువడిన తన ఆత్మకథలో లిండా బ్రెంట్ అనే మారుపేరు వాడారు, యజమాని పేరును కూడా మార్చారు. నార్త్ కరోలినాలోని ఈడెంటన్‌లో, అమ్మమ్మ ఇంటి అటకపై నిలబడడానికైనా వీలులేని ఇరుకు చోటులో ఆమె సుమారు ఏడేళ్లు దాక్కున్నారన్న సంగతిని ఎందరో చరిత్రకారులు నమ్మలేదు. 20వ శతాబ్దంలో చాలాకాలం ఆ పుస్తకాన్ని సంపాదకురాలు లిడియా మరియా చైల్డ్ అల్లిన నవలగానే భావించారు.

ఈ అభిప్రాయాన్ని మార్చినవారు పరిశోధకురాలు జీన్ ఫాగన్ యెలిన్. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్న పోస్ట్ కుటుంబ పత్రాల్లో, జేకబ్స్ తన స్నేహితురాలు ఎమీ పోస్ట్‌కు స్వదస్తూరితో రాసిన ఉత్తరాలున్నాయి; పుస్తకం రాయాలా వద్దా అన్న ఆమె సంకోచం, రాస్తున్నప్పటి శ్రమ వాటిలో కనిపిస్తాయి. వాటి ఆధారంగా యెలిన్ 1981లో రచయిత్రి జేకబ్సేనని నిరూపించి, 1987లో వివరణలతో కూడిన ప్రతిని వెలువరించారు.

పుస్తకంలోని సంఘటనలకు ఊరి దస్తావేజులు కూడా సాక్ష్యమిచ్చాయి. యజమాని జేమ్స్ నార్కమ్ 1835లో ఆమెను పట్టిస్తే 100 డాలర్లు ఇస్తానని పత్రికా ప్రకటన వేయించాడు. ఆమెను వెంటాడడానికి రాయించిన కాగితమే ఆమె మాట నిజమని చెప్పవలసి రావడం నా మనసును కలచివేస్తుంది. ఇలాంటి ప్రకటనలు, వీలునామాలు పరిశోధకులకు ఎంతో విలువైనవి. ఎందుకంటే 1850, 1860 జనగణనల బానిసల పట్టికల్లో సాధారణంగా యజమాని పేరే ఉంటుంది, బానిసలకు వయసు, లింగం, రంగు మాత్రమే రాసి ఉంటాయి.