బ్రాంచి ఒక్కటే కాదు, డిపార్ట్‌మెంట్ కూడా చూడండి

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్ పూర్తిచేసింది. జనరల్ సర్జరీలోనే పీజీ చేస్తానని పట్టుబడుతోంది. రెసిడెంట్లకు, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పీజీ చేసే డాక్టర్లకు, నిద్రాహారాలు ఉండవని, మధ్యలో మానేసేవాళ్లూ ఉంటారని విని భయంగా ఉంది. తేలికైన బ్రాంచి తీసుకోమని చెప్పమంటారా?

జవాబు: మీ భయం ఉత్తిది కాదు. అయినా బ్రాంచి మార్చమని ఒత్తిడి చేయకండి. ఇష్టంలేని బ్రాంచిలో పని గంటలు తక్కువైనా రోజులు గడవవు.

గంటల సంగతికొస్తే, అమెరికాలో 2003 నుంచి రెసిడెంట్ల పని వారానికి సగటున 80 గంటలు దాటకూడదు. యూరోపియన్ యూనియన్‌లో ఆ పరిమితి 48 గంటలే. ఇది పేషెంట్ల క్షేమానికీ సంబంధించిన విషయం. అమెరికాలో ఐసీయూల్లో జరిపి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 24 గంటలు, అంతకు మించిన డ్యూటీలున్న పాత షెడ్యూలులో, డ్యూటీలు కుదించిన కొత్త షెడ్యూలుతో పోలిస్తే, ఇంటర్న్‌ల (అక్కడ మొదటి ఏడాది రెసిడెంట్ల) తీవ్రమైన పొరపాట్లు సుమారు 36 శాతం ఎక్కువగా కనిపించాయి.

కానీ సంతృప్తి గంటలతోనే తేలదు. రాత్రి రెండింటికి, ఆపరేషనైన పేషెంటుకు బీపీ పడిపోతోంది అనుకోండి. సీనియర్ ఫోనెత్తి, "ఫ్లూయిడ్స్ ఎక్కించు, డ్రెయిన్ ట్యూబులో రక్తం ఎంత వచ్చిందో చూడు, నేను బయల్దేరుతున్నా" అంటే మీ అమ్మాయి ఆ రాత్రి సర్జరీ నేర్చుకున్నట్టే. "దీనికి కూడా ఫోనా?" అని విసుక్కుంటే, మరోసారి ఫోన్ చేయడానికే జంకుతుంది. అది ఆమెకూ, పేషెంటుకూ ప్రమాదమే. శాంపిళ్లు మోయడం, రిపోర్టుల కోసం తిరగడంతోనే రోజు గడిచిపోయే చోట కూడా పిల్లలు త్వరగా విసిగిపోతారు.

అందుకే సీటు ఖాయం చేసుకునేముందు అక్కడి సెకండియర్ రెసిడెంట్లతో, ప్రొఫెసర్లు పక్కన లేనప్పుడు, ఆమెనే మాట్లాడమనండి. "ఎలా ఉంది?" అంటే "పర్లేదు" అనేస్తారు. పోయిన నెలలో మీ చేత్తో ఏయే ఆపరేషన్లు చేయించారు? నైట్ డ్యూటీ దిగాక ఇంటికి పంపుతారా, మళ్లీ ఓపీలో కూర్చోబెడతారా? ఎవరైనా మానేశారా, ఎందుకు? ఇలా అడగాలి. నేనైతే పేరున్న ఆసుపత్రికన్నా, వీటికి తడుముకోకుండా జవాబు దొరికిన చోటికే మొగ్గు చూపుతాను.

చేరాక మీ వంతు కూడా ఉంటుంది. ఫోన్ చేయలేదని నిష్ఠూరాలాడకండి. సెలవు రోజున కూడా నిద్ర పట్టడం లేదన్నా, పేషెంట్లను చూస్తే ఏమీ అనిపించడం లేదన్నా "సర్దుకుపో" అనకుండా సైకియాట్రిస్టును కలవమనండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఆమె నోట వస్తే, ఆ రోజే వెళ్లి పక్కన ఉండండి, డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి.