బుల్‌పెన్‌కు మారిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే బేస్‌బాల్ సీజన్ నుంచి నిన్ను స్టార్టర్‌గా, అంటే ఆట మొదటి నుంచీ బంతి విసిరేవాడిగా కాక, మధ్యలో వచ్చి విసిరే రిలీఫ్ పిచ్చర్‌గా ఆడించాలని జట్టు నిర్ణయించిందని, ఆ కబురు అందిన నాటి నుంచి నువ్వు సరిగా అన్నం తినడం లేదని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఇరవై రెండేళ్లు, పైస్థాయి అయిన మేజర్ లీగ్‌కు కిందనుండే మైనర్ లీగ్ జట్లలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి, ఎన్నో సాయంత్రాలు బుల్‌పెన్ (రిలీఫ్ పిచ్చర్లు వేచి ఉండి చేయి సిద్ధం చేసుకునే చోటు) బెంచీ మీద పిచ్చర్ల పక్కనే కూర్చున్నవాణ్ణి కనుక నీకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. అవి ఫోనులో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను. మీ అమ్మ నేర్పిన తెలుగు దీన్ని చదవడానికి సరిపోతుంది.

ముందుగా, దీన్ని అవమానంగా తీసుకోకు. నీ ఫాస్ట్‌బాల్ (పూర్తి వేగపు బంతి), స్లైడర్ (చివర్లో పక్కకు తిరిగే బంతి) రెండూ నిజంగా మంచివి, కానీ ఛేంజప్ (అదే చేతి ఊపుతో నెమ్మదిగా వచ్చే బంతి) నాలుగేళ్లుగా చేతికి చిక్కలేదు. స్టార్టర్ ఒకే బ్యాటర్‌కు ఒకే రాత్రి మూడుసార్లు ఎదురుపడతాడు కనుక, మూడో సారికల్లా రెండు రకాల బంతుల రహస్యం బయటపడిపోతుంది. రిలీఫ్ పిచ్చర్‌కు ఆ ఇబ్బంది లేదు. మరియానో రివేరా 1995లో యాంకీస్ జట్టు తరఫున పది ఆటలు స్టార్టర్‌గా ఆడి రాణించలేకపోయాడు. మరుసటి ఏడాది క్లోజర్ (ఆట చివరి ఇన్నింగ్స్ వేసి ముగించే పిచ్చర్) జాన్ వెట్లండ్‌కు ముందు ఇన్నింగ్స్ వేసే పిచ్చర్‌గా మారి, 1997లో క్లోజర్ అయ్యాడు. ప్రధానంగా కట్టర్ అనే ఒక్క బంతిని నమ్ముకుని 652 సేవ్‌లు (జట్టు ఆధిక్యాన్ని చివరి వరకు కాపాడిన ఆటలు) సాధించాడు, 2019లో ఒక్క ఓటు కూడా తగ్గకుండా బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 601 సేవ్‌ల ట్రెవర్ హాఫ్‌మన్‌ను 1989లో రెడ్స్ జట్టు ఎంచుకున్నది షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్‌గా. బ్యాటింగ్ కలిసిరాకపోవడం వల్లే అతడు పిచ్చర్ అయ్యాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. స్టార్టర్‌గా ఉన్నన్నాళ్లూ నీ చేయి క్యాలెండర్ ప్రకారం నడిచింది. ఒక రోజు విసిరేవాడివి, తర్వాత నాలుగైదు రోజులు కోలుకునేవాడివి, నువ్వు విసిరిన ప్రతి బంతినీ ఎవరో ఒకరు లెక్క రాసేవారు. బుల్‌పెన్‌లో నీ చేతిని అరగదీసే బంతుల్లో సగం ఎవరి లెక్కలోకీ రావు. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఏడో ఇన్నింగ్స్‌లో ఫోను మోగుతుంది, లేచి విసరమంటారు. పది బంతులు పూర్తి వేగంతో విసిరేసరికి మన జట్టు మూడు పరుగులు తీస్తుంది, కూర్చోమంటారు. ఎనిమిదిలో మళ్లీ ఫోను మోగుతుంది, మళ్లీ లేస్తావు. ఆట ముగిసేసరికి నువ్వు మైదానంలో అడుగే పెట్టకపోవచ్చు, మరునాటి పట్టికలో నీ పేరు ఎదురుగా విశ్రాంతి అని ఉంటుంది, కానీ నీ మోచేతికి మాత్రం ఆ ఇరవై ఐదు బంతులూ తెలుసు. నా చేతుల మీదుగా వెళ్లిన కుర్రవాళ్లలో చాలామందిని దెబ్బతీసినవి ఈ లెక్కలేని బంతులేనని నా గట్టి నమ్మకం.

అందుకని ఈ ఉత్తరంతో పాటు ఒక నోటు పుస్తకం పంపుతున్నాను. అందులో ప్రతి రాత్రి, ఎంత అలసిపోయినా సరే, మూడు అంకెలు రాయాలి: ఆటలో వేసిన బంతులు, బుల్‌పెన్‌లో పూర్తి బలంతో వేసినవి, మధ్యాహ్నం క్యాచ్ ఆడేటప్పుడు దూరం నుంచి విసిరినవి. ఆటలోకి దిగకుండా రెండుసార్లు లేచి విసిరిన రోజును నేను ఆడిన రోజుగానే లెక్కపెట్టేవాణ్ణి, నువ్వూ అలాగే లెక్కపెట్టి మరునాడు పిచింగ్ కోచ్ అడగకముందే చెప్పు. మంచి కోచ్ ఎవరూ దానికి నొచ్చుకోరు.

లేచి విసిరే బంతులనూ తగ్గించుకోవడం నేర్చుకోవాలి. కొత్తగా వచ్చినవారు కంగారులో ముప్ఫై బంతులు విసిరి, మైదానంలోకి వెళ్లేసరికే అలసిపోతారు. నేను చూసిన అనుభవజ్ఞులు ఐదో ఇన్నింగ్స్‌లోనే మౌనంగా లేచి నడిచేవారు, రబ్బరు పట్టీతో భుజం కదిలించేవారు, ఒళ్లు వెచ్చబడ్డాక కూర్చునేవారు, ఫోను మోగినప్పుడు పదిహేను బంతులు దాటకుండానే సిద్ధమయ్యేవారు. రెండోసారి లేపితే మళ్లీ మొదటి నుంచి ప్రారంభించకుండా ఆరేడుతో సరిపెట్టేవారు. నీకు ఎన్ని చాలునో సీజన్‌కు ముందు జరిగే స్ప్రింగ్ ట్రెయినింగ్‌లోనే తేల్చుకో, ఏప్రిల్ చలిలో ఆ సంఖ్య కొంత పెరుగుతుంది.

నొప్పి దాచకు. ఈ మాట రాయడానికి నాకొక కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక జట్టులో ఇరవై మూడేళ్ల కుర్రవాడు మోచేయి లోపలి వైపు నొప్పిగా ఉందని, పైస్థాయికి పిలుపు రావచ్చు కనుక నివేదికలో రాయవద్దని నన్ను బతిమాలాడు. రెండు రోజులు చూద్దామని నేను ఒప్పుకున్నాను. మూడో రాత్రి అతడు రెండుసార్లు లేచి విసిరి, ఆ తర్వాత ఆటలోకి దిగి, ఒక స్లైడర్ వేసి చేయి పట్టుకుని మౌండ్ (పిచ్చర్ నిలబడి విసిరే దిబ్బ) మీద కూర్చుండిపోయాడు. ఆ మౌనం నా తప్పు, దాన్ని నేను ఈనాటికీ మరచిపోలేదు. ఇప్పుడు మోచేతికి శస్త్రచికిత్స ఉంది కదా అని కుర్రవాళ్లు తేలిగ్గా మాట్లాడుకుంటారు. 1974లో డాడ్జర్స్ పిచ్చర్ టామీ జాన్‌కు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ రెండో ముంజేతి నుంచి తీసిన స్నాయువుతో మోచేతిలో తెగిన లిగమెంట్‌ను (ఎముకలను కలిపి ఉంచే పట్టీని) సరిచేశాడు, ఆ తర్వాత అతడు 164 విజయాలు సాధించిన మాట నిజమే. అదే ఏడాది అదే జట్టులో మైక్ మార్షల్ రిలీఫ్ పిచ్చర్‌గా 106 ఆటలు ఆడాడు, అటువంటి చేతిని చూసి నీ చేతిని అంచనా వేసుకోకు. ఉత్తరప్రదేశ్‌లో ఈటె విసిరే రింకూ సింగ్‌ను 2008లో పైరేట్స్ జట్టు తీసుకుంది. ఎడమచేతి రిలీఫ్ పిచ్చర్‌గా మైనర్ లీగ్‌లో ఒక్కో మెట్టూ ఎక్కుతుండగా అతనికి 2013లో ఇదే శస్త్రచికిత్స జరిగింది, ఆ తర్వాత మేజర్ లీగ్‌కు చేరనే లేదు.

మైదానంలోకి అడుగుపెట్టాక నీ పని ఏమిటో మీ నాన్నకు క్రికెట్ భాషలో చెప్పవచ్చు. చివరి ఓవర్లు వేసే బౌలర్ లాంటివాడివే, అయితే ఇక్కడ ఒకసారి తప్పిస్తే ఆ ఆటలో తిరిగి రావడం ఉండదు. తరచుగా నువ్వు వెళ్లేసరికే బేస్‌ల మీద ఇతర పిచ్చర్ వదిలిన రన్నర్లు, అంటే పరుగు పూర్తిచేయడానికి కాచుకున్న ఎదుటి జట్టువారు, ఉంటారు. వారు పరుగు చేస్తే అది ముందున్న పిచ్చర్ ఖాతాలో పడుతుంది, నువ్విచ్చిన పరుగుల సగటు చెక్కుచెదరదు. ఆ సగటును చూసి తృప్తి పడకు, బుల్‌పెన్‌లో నీ తోటివారు నిన్ను అంచనా వేసేది వారి రన్నర్లను నువ్వెంత భద్రంగా కాపాడావన్న దాన్నిబట్టే. 2020 నుంచి కనీసం ముగ్గురు బ్యాటర్లను ఎదుర్కోవాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి అన్న నియమం వచ్చింది కనుక ఎడమచేతి బ్యాటర్ల ముందు నీ స్లైడర్ తేలిపోతుందన్న లోపం ఇక దాగదు. ఛేంజప్‌ను పూర్తిగా వదిలేయకుండా కనీసం వారికి చూపించేంత వరకైనా నిలుపుకో.

కొన్ని రాత్రులు ఓడిపోతావు, గెలవవలసిన ఆటే నీ చేతిలో పోతుంది. 2005లో క్లోజర్ బ్రాడ్ లిడ్జ్ బంతిని బ్యాటర్ ఆల్బర్ట్ పుహోల్స్ ఎంత దూరం కొట్టాడో నువ్వు వీడియోలో చూసే ఉంటావు. అదే లిడ్జ్ 2008లో ఫిలడెల్ఫియాకు 41 అవకాశాల్లో 41, సీజన్ తర్వాతి ప్లేఆఫ్స్‌లో మరో ఏడు సేవ్‌లు సాధించి, విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో చివరి బంతి వేశాడు. అటువంటి రాత్రి విలేకరులు వచ్చేవరకు నీ లాకర్ దగ్గరే ఉండి సమాధానం చెప్పు, తరువాత మీ అమ్మకు ఫోను చేసి భోజనం చేయి. వీడియో మరునాడు మధ్యాహ్నం చూడవచ్చు.

కాగితాల సంగతి కూడా తెలుసుకుని ఉండాలి. మేజర్ లీగ్ జట్టులో 26 మంది ఉంటే పిచ్చర్లు 13 మందికి మించరు, ఆ జాబితాలో అందరికంటే ఎక్కువగా పైకీ కిందికీ తిరిగేది కొత్త రిలీఫ్ పిచ్చరే. 2022 ఒప్పందం ప్రకారం ఒక సీజన్‌లో అలా కిందికి పంపడం ఐదుసార్లకు పరిమితం. ఒకసారి పంపితే, గాయపడినవారి బదులుగా తప్ప, పిచ్చర్ 15 రోజుల దాకా తిరిగి పైకి రాలేడు. మొదటిసారి కిందికి పంపినప్పుడు నీ ఆట బాగాలేదని అనుకోకు, చాలాసార్లు వారికి ఆ రాత్రికి అలసిపోని చేయి ఒకటి కావాలి, అంతే. 172 రోజులు పైన ఉంటేనే మేజర్ లీగ్‌లో ఒక సంవత్సరం సేవగా లెక్క. మైనర్ లీగ్‌లో డబుల్-ఏ స్థాయి ఆటగాడి కనీస వేతనం 2023లో ఏడాదికి 30,250 డాలర్లు కాగా, 2025లో పైస్థాయి కనీస వేతనం 7,60,000 డాలర్లు, అంటే సీజన్ నడిచే ఒక్కో రోజుకు నాలుగు వేల డాలర్లకు పైమాటే. అందువల్ల ఒక వారం పిలుపు వచ్చినా ఆ డబ్బుతో కారు కొనకుండా శీతాకాలపు శిక్షణకు దాచుకో.

చివరగా ఒక చిన్న పని. పిలుపు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియదు, వచ్చిన రోజున జట్టు కెనడాలోని టొరంటోలో ఆడుతూ ఉండవచ్చు. నీ పాస్‌పోర్టు మీ అమ్మ బీరువాలో ఉందని విన్నాను. దాని గడువు చూసుకుని, ఫిబ్రవరిలో బయలుదేరే ముందు నీ గ్లవ్ ఉన్న సంచిలోనే పెట్టుకో.

ఇట్లు,
మీ మామయ్య