వంటగది అల్మారాలకు రంగు చాలా, అప్పు చేసి మార్పించాలా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మాకు సొంత ఫ్లాటు ఉంది. వంటగది అల్మారాల సన్‌మైకా జిడ్డుపట్టి వెలిసిపోయింది. అంతా కొత్తగా చేయడానికి వడ్రంగి 1,50,000 రూపాయలు, ఉన్నదాని మీద రంగు వేయడానికి పెయింటర్ 18,000 అడుగుతున్నారు. ఇంటి ఖర్చు 30,000 పోను నెలకు 5,000 మిగులుతుంది. బ్యాంకులో 60,000 ఉంది. పర్సనల్ లోను తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల గడువుతో 1,50,000 తీసుకుంటే నెల వాయిదా సుమారు 5,127 రూపాయలు అవుతుంది కాబట్టి, మీకు మిగిలేదంతా దానికే పోగా మరో నూటపాతిక చేతినుంచి పడుతుంది. మొత్తంమీద వడ్డీయే 34,500 దాటుతుంది. చీటీ ముందుగా పాడుకోవడం కూడా ఒక రకమైన అప్పే. పాటలో వదులుకునే సొమ్మే దాని వడ్డీ. ఇక బ్యాంకులోని 60,000 రెండు నెలల ఇంటి ఖర్చుకు మించదు గనుక దానిని ఆసుపత్రి వంటి అవసరాలకే ఉంచండి.

రంగు వేయించే ముందు సన్‌మైకాను కాదు, దాని కింది చెక్కను పరీక్షించాలి. సింకు కింది గిన్నెలు, డబ్బాలు తీసేసి అడుగు పలకనూ, బందులు బిగించిన చోటునూ వేలితో గట్టిగా నొక్కి చూడండి. చెక్క ఉబ్బినా మెత్తబడినా ఆ ఒక్క అరను వడ్రంగి చేత మార్పించవలసిందే.

పెయింటర్ అడిగిన 18,000లో ఏయే పనులు ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. సన్‌మైకా నున్నగా ఉంటుంది కాబట్టి, పొయ్యి పక్కన పేరుకున్న పోపు జిడ్డును పూర్తిగా కడిగి, సన్నని ఎమరీ కాగితంతో మెరుపు పోయేలా రుద్ది, నున్నటి ఉపరితలాలకు పట్టుకునే ప్రైమర్ వేసిన తరువాతే రంగు వేయాలి. మామూలు చెక్క ప్రైమర్‌తో సరిపెడితే రంగు పెచ్చులుగా లేస్తుంది. నా మట్టుకు ఖరీదైన రంగు కన్నా మంచి ప్రైమర్‌కే డబ్బు పెడతాను. ముందు పొయ్యి పక్క తలుపు ఒక్కటే వేయించి, వారం ఆగి గోటితో గీకి చూసి, రంగు లేవకపోతేనే మిగతా పని అప్పగించండి. అంతవరకు పూర్తి బయానా ఇవ్వవద్దు. లోపలి అరలకు రంగు అక్కరలేదు.

శ్రావణం నుంచి కార్తికం దాకా నెలకు 5,000 చొప్పున పక్కన పెడితే 20,000 చేతికి వస్తుంది, అప్పటికి వానలు తగ్గి రంగు కూడా త్వరగా ఆరుతుంది. ఆ తరువాత ఆరు నెలల మిగులును బ్యాంకులోని 60,000కు కలిపి 90,000 చేయండి. అది పూర్తయ్యాక అదే 5,000ను రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 30 నెలలకు అసలే 1,50,000 అవుతుంది. ఈలోగా వడ్రంగి కూలి, ప్లైవుడ్ ధర పెరుగుతాయి కనుక డిపాజిట్ మీద వచ్చే వడ్డీని వేరే ఖర్చుకు తీయకుండా అందులోనే ఉంచండి.