పుచ్చు తీయకుండా వేసిన స్టీల్ క్యాప్ గురించి

పాప పాలదవడ పన్నులో పుచ్చు గీకకుండానే క్యాప్ వేశారని, ఇప్పుడు పళ్లు సరిగా కలవడం లేదని అడిగారు కదా. ఇది హాల్ టెక్నిక్. స్కాట్లాండ్‌లో డండీ యూనివర్సిటీ వాళ్లు 132 మంది పిల్లల మీద పరీక్షించి 2007లో రెండేళ్ల, 2011లో ఐదేళ్ల ఫలితాలు ప్రచురించారు. మామూలు ఫిల్లింగ్ కన్నా ఇదే బాగా నిలిచింది. గ్లాస్ అయోనమర్ సిమెంట్‌తో క్యాప్ గట్టిగా మూసుకుంటే లోపలి బ్యాక్టీరియాకు తిండి అందదు, పుచ్చు అక్కడే ఆగిపోతుంది.

పన్ను అరగదీయరు కాబట్టి క్యాప్ మందం మేర ఎత్తు వస్తుంది. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది, అరగదీయించకండి.

అసలు చూడాల్సింది ఎక్స్‌రే. పుచ్చుకీ నరానికీ మధ్య డెంటిన్ (ఎనామిల్ కింద ఉండే గట్టి భాగం) పొర స్పష్టంగా కనబడాలి. నిద్రలోంచి లేపేంత నొప్పి గానీ, చిగురు మీద చీముపొక్కు గానీ ఉంటే మాత్రం నరం దెబ్బతిన్నట్టే. అప్పుడు క్యాప్ ఒక్కటీ చాలదు, వెంటనే డాక్టరుకి చూపించండి.