రాజీనామా మెయిల్ పంపే ముందు తేదీల లెక్క చూసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మాధాపూర్‌లో ఐటీ ఉద్యోగం, చేరి నాలుగేళ్ల తొమ్మిది నెలలు. 26 వారాల మెటర్నిటీ లీవు వచ్చే నెలతో అయిపోతుంది. పాపను చూసుకునే మనిషి లేక మానేద్దామనుకుంటున్నారు. నోటీసు 90 రోజులు, మీవారేమో ఆ రోజుల జీతం కంపెనీకి కట్టేసి వెంటనే బయటపడమంటున్నారు. చేతికి ఏమేం వస్తాయి, టాక్సు ఎంత పోతుంది, లీవులో తీసుకున్న జీతం వెనక్కి కట్టాలా అని అడిగారు.

నేనూ బాబు పుట్టాక గచ్చిబౌలిలో ఉద్యోగం మానేసినదాన్నే. నా మాటయితే ఒక్కటే, నోటీసు డబ్బు కట్టొద్దు. మీ విషయంలో ఆ మూడు నెలలే అసలు డబ్బు.

ఎలాగంటే, గ్రాట్యుటీకి, అంటే మానేసేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తానికి, ఐదేళ్ల సర్వీసు కావాలి. 26 వారాల మెటర్నిటీ లీవు కూడా సర్వీసులోకే వస్తుంది, అందులో అనుమానం పెట్టుకోకండి. లీవు అయ్యేసరికి మీకు నాలుగేళ్ల పది నెలలు. ఆ రోజు రాజీనామా ఇచ్చి పూర్తి నోటీసు చేస్తే ఐదేళ్లు దాటుతుంది. మీవారు చెప్పినట్టు చేస్తే గీత ముందు ఆగిపోతారు, పైగా ఎదురు డబ్బు కట్టాలి. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాస్ హైకోర్టు తీర్పు ఒకటుంది, నిజమే. కానీ చాలా కంపెనీలు ఐదేళ్లు నిండిందా లేదా అనే చూస్తాయి. చంకలో పసిపిల్లతో ఆ వాదన ఎందుకు, తేదీ జరుపుకోవడం తేలిక.

లెక్క సులువే. చివరి నెల బేసిక్‌ను (మూల వేతనాన్ని) 15తో హెచ్చించి 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. జీతం లక్షన్నర, పేస్లిప్పులో బేసిక్ 60,000 అనుకోండి. ఏడాదికి 34,615, ఐదేళ్లకు 1,73,076 రూపాయలు. 20 లక్షల లోపు గ్రాట్యుటీకి టాక్సు లేదు. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం మించితే, మించినంత వేతనంలో కలపాలి. అంటే 60,000 కాదు, లక్షన్నరలో సగమైన 75,000 మీద లెక్క రావచ్చు. ఏ అంకె మీద కడుతున్నారో హెచ్ఆర్‌ను మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో అడిగితే ఆ మాటకు రుజువు ఉండదు.

ఇక జీతం వెనక్కి కట్టే సంగతి. నన్ను ఈ మాటతోనే భయపెట్టారు. "లీవు తర్వాత ఆరు నెలలు పనిచేయకపోతే తీసుకున్నదంతా తిరిగి కట్టాలి, సంతకం పెట్టారుగా మేడమ్" అని మా హెచ్ఆర్. ఏ చట్టం, ఏ సెక్షన్ ప్రకారమో రాసి పంపండని రెండు లైన్ల మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు, ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కోతా రాలేదు. 1961 నాటి మెటర్నిటీ బెనిఫిట్ చట్టం అడిగేది, ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేశారా అని మాత్రమే. తర్వాత తిరిగొచ్చి పనిచేయాలన్న షరతు అందులో లేదు. చట్టం ఇచ్చినదాన్ని తగ్గించే ఒప్పందం చెల్లదని అదే చట్టం 27వ సెక్షన్ చెప్పింది. ఇప్పుడు దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చినా 26 వారాలు, 80 రోజులు అలాగే ఉన్నాయి. చట్టానికి మించి కంపెనీ తనంతట ఇచ్చినదేదైనా ఉంటే దాని సంగతి వేరు, ఆ కాగితం చదువుకోండి. మాట వినకపోతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో అంజయ్య భవన్ ఉంది, కార్మిక శాఖ అక్కడే. ఆ పేరు మెయిల్‌లో కనిపిస్తే చాలాసార్లు అక్కడిదాకా వెళ్లక్కర్లేదు.

లీవులో వచ్చిన జీతానికి మాత్రం టాక్సు ఉంటుంది. మామూలు జీతంలాగే లెక్క.

అయితే ఏడాది మధ్యలో మానేసేవాళ్లకు ఒక లాభం ఉంది, చాలామంది వదిలేస్తారు. కంపెనీ ఏప్రిల్లోనే మీ పూర్తి ఏడాది జీతం, అంటే 18 లక్షలు, లెక్కేసుకుని నెలనెలా టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే టాక్సు) కోస్తుంది. మీరు సెప్టెంబర్ చివర మానేశారనుకుందాం. ఆ ఏడాది చేతికొచ్చింది 9 లక్షలే. కొత్త టాక్సు పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 12 లక్షల రిబేటు (టాక్సు మాఫీ) గీతకు చాలా కింద ఉన్నట్టు, టాక్సు సున్నా. అప్పటిదాకా కోసిందంతా మీదే, కానీ రిటర్ను వేస్తేనే వస్తుంది. ఉద్యోగం లేదు కదా రిటర్ను ఎందుకులే అనుకుంటే అంతే సంగతులు. ఆదాయపు పన్ను పోర్టల్‌లో కోసిన మొత్తం కనిపిస్తుంది, కంపెనీ ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్‌తో సరిచూసుకోండి.

మిగిలిన లీవులను ఉద్యోగంలో ఉండగా డబ్బు చేసుకోకండి, దానికి టాక్సు పడుతుంది. మానేసేటప్పుడు తీసుకుంటే ప్రైవేటు ఉద్యోగులకు 25 లక్షల దాకా మినహాయింపు ఉంది. పది నెలల సగటు జీతం లాంటి మరికొన్ని పరిమితులు ఉన్నా మన స్థాయికి అవి అడ్డు రావు.

పీఎఫ్ దగ్గర తొందర వద్దు. ఐదేళ్లు నిండకుండా తీస్తే టాక్సు పడుతుంది, 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ ముందే కోసేస్తారు. పాత కంపెనీ పీఎఫ్ ఇందులోకి బదిలీ చేసుకుని ఉంటే ఆ సర్వీసు కూడా ఐదేళ్లలో కలుస్తుంది. నన్నడిగితే అసలు తీయొద్దు. తీయకుండా ఉంచినా వడ్డీ వస్తుంది, కాకపోతే మానేశాక వచ్చే వడ్డీ టాక్సు పరిధిలోకి వస్తుంది. పెన్షన్ భాగం తీసేస్తే ఆ సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలు. రేపు పాప బడికెళ్లాక మళ్లీ చేరితే పెన్షన్‌కు కావలసిన పదేళ్ల లెక్కకు ఇది పనికొస్తుంది. ఒక్క పని మాత్రం ఇప్పుడే చేయండి, పీఎఫ్ మెంబర్ పాస్‌బుక్ తెరిచి లీవులో ఉన్న ఆరు నెలల వరసలు చూడండి. జీతం ఇచ్చిన నెలకు పీఎఫ్ జమ కావాలి. ఎక్కడైనా ఖాళీ ఉంటే మీరు ఇంకా వాళ్ల ఉద్యోగిగా ఉండగానే అడగడం నయం, తర్వాత పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరగడం మనవల్ల అయ్యే పని కాదు. మానేశాక కంపెనీ డేట్ ఆఫ్ ఎగ్జిట్ (మానేసిన తేదీ) వేయకపోతే రెండు నెలలు ఆగి పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

ఆరోగ్య బీమా. గ్రూపు పాలసీ సాధారణంగా చివరి పనిరోజుతోనే పోతుంది, దాంతో పాప కవరేజీ కూడా. మీవారి కంపెనీ పాలసీలో పేర్లు చేర్పించడమో, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారడమో నోటీసు కాలంలోనే తేల్చుకోండి. విడి పాలసీల్లో పిల్లల్ని మామూలుగా 90 రోజులు దాటాకే తీసుకుంటారు, మీ పాప ఆ వయసు దాటింది కాబట్టి ఇబ్బంది ఉండదు.

ఇష్టపడి మానేసినవాళ్లకు నిరుద్యోగ భృతి లాంటిదేమీ రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ఇదంతా చెప్పాక ఒక మాట అడగొచ్చా? మీ కంపెనీలో 50 మందికి మించి ఉంటారు కదా, క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం ఇవ్వడం వాళ్ల బాధ్యత. రోజుకు నాలుగుసార్లు వెళ్లి పాపను చూసుకునే హక్కూ ఉంది. ఇంటి నుంచి పనికి కూడా చట్టంలో చోటుంది, అది ఇద్దరూ ఒప్పుకుంటేనే. క్రెష్, ఇంటి నుంచి పని, ఈ రెండూ రాసి అడిగారా? రాజీనామా కంటే ముందు ఆ మెయిల్ పంపండి, పోయేదేం లేదు. రెండో బిడ్డ ఆలోచన దగ్గర్లో ఉంటే మరీనూ, కొత్త చోట చేరినా మళ్లీ 80 రోజులు పనిచేస్తేనే ఆ 26 వారాలు వస్తాయి.