బయట గాలివాన, రేడియోలో హాయైన సాయంత్రం

ప్రశ్న: మొన్న ఈదురుగాలికి కరెంటు పోతే బ్యాటరీ రేడియో పెట్టాను. మా కిటికీ రెక్క ఊడిపోతోంది, యాంకర్ గారేమో 'ఎంత హాయైన సాయంత్రమో' అంటున్నారు. ఆవిడకు తెలీదా అండీ?

జవాబు: తెలీదండీ. ఆ మాట ఆవిడ ముందురోజే రికార్డు చేసి వెళ్లిపోయి ఉంటారు. దీన్ని వాయిస్ ట్రాకింగ్ అంటారు. పాటలు, ప్రకటనలు కంప్యూటరే వేసుకుంటుంది, మధ్యలో మాటలు చెబితే చాలు. నాలుగు గంటల షో గంటలోపే తయారు. నేనూ చేశాను లెండి. 'ఇవాళ గొడుగు అక్కర్లేదు' అని నా గొంతే చెబుతుంటే బస్టాపులో తడిసి ముద్దవుతూ విన్నాను. ఆ తర్వాత మైకు ముందు వాన ఊసెత్తలేదు.

అమెరికాలో టోర్నడో హెచ్చరిక రాగానే పాటను ఆపి దానంతటదే వినిపించే యంత్రాలు స్టేషన్లలో ఉంటాయి. కానీ ఆ సందేశం రెండు నిమిషాలకు మించదు. అది అవగానే మళ్లీ పాట! ఏ రోడ్డు మీద చెట్టు పడిందో యంత్రానికేం తెలుసు? స్థానికంగా ప్రధాన స్టూడియో ఉండాలన్న నిబంధననూ అక్కడ 2017లో ఎత్తేశారు. నాకైతే అది నచ్చలేదు.

ఈసారి గాలి మొదలైతే, 'ఇప్పుడే ఫలానా వీధి నుంచి ఫోన్ వచ్చింది' అనే గొంతు దొరికేదాకా స్టేషన్లు మారుస్తూ ఉండండి.